తడిగుడ్డ లెక్క

మే 8. ఉదయం 11:00. పొడి 36.8, తడి 31.3. ఎర్రగుడ్డ.

ఈ వేసవిలో ఇది ఇరవై రెండో ఎర్రగుడ్డ. బీచి గేటు దగ్గర పద్నాలుగు మంది ఎదురు చూస్తున్నారు. వాళ్ళలో ఆరుగురు పిల్లలు, ఒకడి చేతిలో ఇసుక తవ్వుకునే గరిటె. అంకె చెప్పి, కర్రకి ఎర్రగుడ్డ ఎక్కించాను. ఎవరూ ఏమీ అనకుండా వెనక్కి తిరిగి, ఊరంతటినీ కప్పిన చలువ పందిరి నీడలోకి వెళ్ళిపోయారు. అంకె చెప్పాక మాట్లాడకూడదన్నది ఒడ్డుపాలెంలో పందొమ్మిదేళ్ళుగా ఉన్న ఆచారం.

గరికిన నూకరత్నం మాత్రం కాసేపు ఆగింది. మాట్లాడకూడదు కనక అంకె గురించి మాట్లాడలేదు. ఇరవై రెండో తారీకు గురించి అడిగింది. ఆ రోజుకి ఆవిడ భర్త తాతారావు పోయి ఏడాది. ఆ రోజు సముద్రంలో మునిగి, ఆయన పేర నాలుగు మెతుకులు నీళ్ళలో వదలాలి. ఆ రోజుకి తెల్లగుడ్డ లేస్తుందా అని అడిగింది. జోస్యం చెప్పడం నా పని కాదన్నాను. నిజమే, కాదు. అయినా ఇంకొంచెం మెత్తగా చెప్పి ఉండవచ్చు.

మే 10. పొడి 37.1, తడి 31.4. ఎర్రగుడ్డ.

కమిటీ కార్యదర్శి బెహరా సత్యదేవ్ వచ్చాడు. ఎనిమిదో తరగతిలో నా దగ్గర ఫిజిక్సు చదువుకున్నాడు, ఇప్పటికీ మేడం అనే పిలుస్తాడు. బీచి గేటు తెరిచిన రోజుల పట్టిక మీద నా సంతకం కావాలన్నాడు. నాలుగు వేసవుల కిందట 58 రోజులు, ఆ తర్వాత 41, 27. పోయిన వేసవి 12.

గేటు తీసినప్పుడల్లా పందిరిలోంచి చల్లగాలి బయటికి పోతుంది. పన్నెండు రోజుల కోసం అంత పెద్ద గేటు ఉంచడం దండగని, గోడ కట్టేసి ఆ చోట ఇంకో రెండు చలువ యంత్రాలు పెడితే తూర్పు వీధులకి హాయిగా ఉంటుందని వాళ్ళ ఆలోచన. సమావేశం ఇరవయ్యో తారీకున. పట్టిక కింద నా సిఫార్సు కూడా రాయమన్నాడు. అంకెలు ఎటు చూపిస్తే అటే రాయాలి. "గేటు మూసివేయవచ్చును" అని రాసి సంతకం పెట్టాను. మంథా ప్రణతి, తడిగుడ్డ రీడరు.

సంతకం ఆరకముందే తుషార వచ్చి కాగితం చదివింది. నా మనవరాలు, పన్నెండేళ్ళది. దాని తల్లి పంపుహౌసులో పగటి డ్యూటీ కాబట్టి నా దగ్గరే పెరుగుతోంది. సముద్రంలో అది ఇంతవరకూ మొత్తం తొమ్మిది సార్లు దిగింది. ఆ లెక్క కూడా నా దగ్గర ఉంది.

మే 12. పొడి 36.9, తడి 31.3. ఎర్రగుడ్డ.

వచ్చాక గంజి వారుస్తుంటే కుడిచెయ్యి కాలింది. మణికట్టు నుంచి వేళ్ళ దాకా కట్టు కట్టారు. పది రోజులు తడపకూడదట. గుడ్డ మార్చాల్సిన రోజు కూడా ఇవాళే వచ్చింది.

తడిగుడ్డ అంటే పెద్ద యంత్రమేమీ కాదు. మామూలు థర్మామీటరు, దాని బల్బు చుట్టూ బొటనవేలంత నూలుగుడ్డ. గుడ్డని మంచినీళ్ళతో తడిపి గాలిలో ఉంచితే, నీళ్ళు ఆరేకొద్దీ పాదరసం దిగుతుంది. ఎంత దిగితే మన ఒంటిమీద చెమట అంత బాగా ఆరుతుందన్నమాట. చెమట ఆరితే మనిషి ఎండలో నిలబడగలడు. తడి 31 అయినా, దాటినా గేటు తియ్యకూడదు; ఎంత తగ్గితే అన్ని నిమిషాలు ఎక్కువ ఉండనివ్వచ్చు. ఇదంతా ఇసుక మీద, నీటి అంచుకి పది అడుగుల దూరంలో ఉన్న కంబం దగ్గర చూడాలి. రీడరు తప్ప మరొకరు ముందుగా గేటు దాటకూడదు.

వెనకటికి ఈ పని ఒక మీటరు చేసేది. పందిరి వేసిన ఏడో వేసవిలో అది 29 అని చూపిస్తే గేటు తీశారు. నలుగురు ఇసుక మీదే పోయారు. విచారణలో మీటరు విప్పి చూపించింది నేనే. లోపల ఉప్పు పేరుకుపోయి ఉంది. యంత్రం వద్దు, తప్పు చెయ్యని మనిషి కావాలని అప్పుడు ఊరంతా అడిగింది. నన్ను పెట్టారు. పన్నెండేళ్ళయింది.

కొత్తగుడ్డని ఇంట్లోనే తుషార చేత కట్టించాను. నా పాత వాయిలు చీరలో మిగిలిన ఆఖరి ముక్క. తుషార చేతులు కడుక్కోకుండా, పుస్తకం పక్కన పడేసి వచ్చి కట్టబోయింది. గట్టిగా కోప్పడి, తాగే నీళ్ళలోంచి అరగ్లాసు ఇచ్చి కడిగించాను.

మే 13. పొడి 36.9, తడి 30.5. తెల్లగుడ్డ.

నిన్నటి ఆకాశమే, నిన్నటి గాలే. నిన్న 31.3.

మూడుసార్లు చూశాను. 30.5. తెల్లగుడ్డ ఎక్కించాను. నలభై మూడు మంది ఇరవై రెండు నిమిషాలు ఇసుక మీద ఉన్నారు. అందరూ క్షేమంగా వచ్చారు. పిల్లలు అరుచుకుంటూ పరిగెత్తారు. ఒక్కరు తూలినా అందర్నీ వెనక్కి పిలవాలని గేటు గంట తాడు వదల్లేదు.

మే 14. పొడి 37.0. కొత్తగుడ్డ 30.6, పాతగుడ్డ 31.4. ఎర్రగుడ్డ.

కంబానికి బిగించిన పెట్టెలో మూడు థర్మామీటర్లు ఉంటాయి. ఒకదానికి తుషార కట్టిన కొత్తగుడ్డ, రెండోదానికి పన్నెండు దాకా వాడిన పాతగుడ్డ. రెంటినీ పక్కపక్కనే అదే గాలిలో ఉంచాను. ఎనిమిది పాయింట్లు తేడా. రెండు థర్మామీటర్లనీ గుడ్డ లేకుండా పోల్చి చూశాను, వాటిలో తేడా లేదు. గుడ్డలు మార్చి మళ్ళీ చూశాను. తేడా గుడ్డతోపాటే మారింది.

ఏదో ఒక గుడ్డ అబద్ధం చెబుతోంది. కొత్తదే అయితే నిన్న నలభై మూడు మందిని ప్రమాదంలోకి పంపాను. అందుకే ఎర్రగుడ్డ.

ఇంటికొచ్చి తుషారని నిలదీశాను. వదులుగా కట్టావా, నూనె చెయ్యి పెట్టావా, నా వెనక ఏమైనా చేశావా అని. లేదంది. నమ్మలేదు. అది అన్నం సగంలో వదిలేసి లేచిపోయింది.

మే 15. పొడి 36.7, కొత్తగుడ్డ 30.4. తెల్లగుడ్డ.

పై అంకె పదకొండు గంటలది. దానికంటే ముందు, ఇవాళ పొద్దున ఆరు గంటలకి జరిగింది రాయాలి.

పాతగుడ్డని థర్మామీటరు నుంచి విప్పి వంటింటి బల్ల మీద పెట్టాను. అది ఒరగలేదు. బల్బు చుట్టూ ఎలా ఉందో అలాగే, చిన్న గొట్టంలా నిలబడింది. గంజి పెట్టినట్టుంది. గంజి పెట్టలేదు.

నాలుక చివర ఆనించి చూశాను. ఉప్పు.

కుర్చీలో కూర్చుని, రోజూ గుడ్డ తడిపే పని ఎలా చేస్తున్నానో మొదటినుంచీ గుర్తు చేసుకున్నాను. నాలుగు వేసవుల కిందట తాగే నీళ్ళు మనిషికి రోజుకి మూడు లీటర్లకి తగ్గించారు. అంతకుముందు కంబం దగ్గర ఒక సీసా మంచినీళ్ళతో చేతులు కడుక్కునేదాన్ని. దుబారా అనిపించి మానేశాను. అప్పటినుంచీ నీటి అంచు దాకా నడిచి, సముద్రంలో రెండు చేతులూ ముంచి, ఇసుక లేకుండా బాగా రుద్దుకుని వచ్చి, ఆ తడి చేతులతోనే గుడ్డని బల్బుకి నొక్కేదాన్ని. రోజూ. శుభ్రత కోసం. గుడ్డలు కూడా వారానికొకటి మార్చేదాన్ని, చీర అయిపోతోందని పదిహేను రోజులు చేశాను, తర్వాత నెల. ఉప్పు పట్టిన నీరు సరిగా ఆరదు. ఆరకపోతే పాదరసం దిగదు. ఎనిమిదో తరగతి పిల్లలకి ఇది నేనే బోర్డు మీద బొమ్మ గీసి చెప్పాను.

ఇప్పుడు చెయ్యి కాలింది కాబట్టి సముద్రంలో ముంచలేదు. అందుకే బయటపడింది. కాలకపోతే బయటపడేది కాదు.

మే 16. పొడి 37.2, తడి 30.8. తెల్లగుడ్డ.

విప్పిన గుడ్డలన్నీ నా దగ్గర ఉన్నాయి. దేన్నీ పారెయ్యను. ఏ తారీకు నుంచి ఏ తారీకు దాకా వాడానో రిజిస్టరులో ఆ పేజీకే గుండుసూదితో గుచ్చి ఉంచుతాను. ఇవాళ పదకొండుకి ముందు, తర్వాత, గత రెండేళ్ళ గుడ్డల్ని ఒక్కొక్కటిగా మంచినీళ్ళతో తడిపి కొత్తగుడ్డ పక్కన పెట్టి చూశాను. ఏ గుడ్డ అయినా ఎక్కువే చూపించింది. వారం వాడినవి మూడు పాయింట్లు, నెల వాడినవి ఎనిమిది. తక్కువ చూపించిందొక్కటీ లేదు. అంటే నా తప్పు వల్ల ఎవరూ చావలేదు. అంత మాత్రం రాసుకోవచ్చు.

పోయిన ఏడాది మే నెల గుడ్డ ఎనిమిది పాయింట్లు ఎక్కువ చూపించింది.

ఆ పేజీ తెరిచే ముందే అందులో ఏముందో నాకు తెలుసు. పోయిన ఏడాది మే 19. పొడి 36.4, తడి 31.2. ఎర్రగుడ్డ. దాని కింద నా చేతి రాత: "ఒక మంచం వచ్చింది. వెనక్కి పంపడమైనది."

ఆ మంచం నులకమంచం. నలుగురు మోసుకొచ్చారు. మంచం మీద తాతారావు. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరి అప్పటికి నెలైంది. అరవై ఏళ్ళు సముద్రం మీద వేట చేసిన మనిషి. కాళ్ళు ఒక్కసారి నీళ్ళలో పెట్టించండి, అంతే చాలు అన్నాడట. తల సముద్రం వైపు ఉండేలా మంచం పట్టుకొచ్చారు. నేను 31.2 అన్నాను. ఆచారం ప్రకారం ఎవరూ మాట్లాడలేదు. నలుగురూ మంచాన్ని అక్కడికక్కడే గుండ్రంగా తిప్పారు. తిప్పాక గేటు ఆయన కాళ్ళ వైపుకి వచ్చింది. ఆయన కళ్ళు గేటు కనబడినంతసేపూ గేటు మీదే ఉన్నాయి. నూకరత్నం మంచం పట్టె పట్టుకుని పక్కన నడిచింది. మూడు రోజులకి పోయాడు.

31.2 లోంచి 0.8 తీసేస్తే 30.4.

మే 17. పొడి 36.9, తడి 30.6. తెల్లగుడ్డ.

తుషారని పిలిచి నువ్వు కట్టిన గుడ్డే సరైనది, తప్పు నాది అని చెప్పాను. జరిగిందంతా వివరంగా చెప్పాను. అది వెంటనే కరిగిపోలేదు, నా పోలికే. కాసేపు కాలి బొటనవేలితో నేల గీస్తూ కూర్చుంది.

"నా లెక్కల్లో అర మార్కు తప్పున్నా ఎర్రసిరాతో దిద్దుతావు కదా అమ్మమ్మా," అంది. "దీన్ని ఏ సిరాతో దిద్దుతావు?"

ఎర్రసిరాతోనే అన్నాను. రిజిస్టరు బల్ల మీద పెట్టి, దాని ముందే మొదలుపెట్టాను. గత రెండు వేసవుల్లో తడి 31.0కీ 31.7కీ మధ్య ఉన్న ఎర్రగుడ్డ రోజులు అరవై ఒకటి. వాటిలో గుడ్డ ఎన్నాళ్ళ పాతదో చూసి, అంత తగ్గించి, పక్కన సరైన అంకె రాశాను. యాభై రెండు రోజులు గేటు తీసి ఉండవలసింది. మిగిలిన తొమ్మిది నిజంగానే ఎరుపు. కాలిన చెయ్యి కాబట్టి ఎడమచేత్తో రాశాను, అక్షరాలు వంకరగా ఉన్నాయి. ఒక్క పేజీ మాత్రం దిద్దకుండా ఉంచాను. నూకరత్నానికి చెప్పకుండా దాన్ని దిద్దే హక్కు నాకు లేదనిపించింది.

మే 18. పొడి 37.3, తడి 31.0. ఎర్రగుడ్డ.

సరిగ్గా 31.0. నిబంధన ప్రకారం ఎరుపే. ఎర్రగుడ్డ ఎక్కించాను.

సత్యదేవ్ ఇంటికి వెళ్ళి రిజిస్టరు చూపించాను. ఎర్రసిరా పేజీలన్నీ తిప్పి చూశాడు. చాలాసేపు మాట్లాడాడు. కొత్తగుడ్డతో ఇకముందు సరిగా చూస్తే చాలదా అని, పాతది తవ్వితే ఊరు ఏ అంకెనీ నమ్మదని, నమ్మకపోతే నిజంగా ఎరుపు ఉన్న రోజున కూడా గేటు తోసుకుని వెళ్తారని. అతను చెప్పినదాంట్లో ఆ ఆఖరి మాటకి బరువుంది. కాదనలేదు. తర్వాత, మీ పేరు కూడా చూసుకోవాలి కదా మేడం అన్నాడు. దానికి మాత్రం జవాబు చెప్పాను.

"సత్యదేవ్, మీటరు లోపల ఉప్పు ఉందని తెలిశాక దాన్ని మళ్ళీ మూసి పెట్టమని నువ్వు నన్ను అడుగుతున్నావు."

తల దించుకున్నాడు. ఎల్లుండి సమావేశంలో చదవండి అన్నాడు.

మే 19. పొడి 36.5, తడి 30.7. తెల్లగుడ్డ.

మంచం వచ్చి ఇవాళ్టికి ఏడాది.

గేటు మూశాక నేరుగా నూకరత్నం వాటాకి వెళ్ళాను. తూర్పు వరసలో చివరి ఇల్లు. గుమ్మంలో కత్తిపీట ముందు కూర్చుని, తొట్టెల్లో పెంచిన చేపలకి పొలుసు తీస్తోంది. వాటిని ఎప్పుడూ తిట్టుకుంటూనే శుభ్రం చేస్తుంది. తొట్టెలో పెరిగినవాటికి రుచెక్కడుంటాదని.

"సెయ్యెలాగుంది టీచరమ్మా? కూకో."

కూర్చోలేదు. నిలబడే చెప్పాను. గుడ్డ, ఉప్పు, చేతులు కడుక్కోవడం, ఎనిమిది పాయింట్లు. పాఠం చెప్పినట్టు చెప్పాను. ఇంకో రకంగా నాకు చేతకాలేదు. ఆవిడ చేప మీదనుంచి చెయ్యి తీసింది.

"మరోపాలి సెప్పు. నెమ్మదిగా."

మళ్ళీ చెప్పాను.

"అయితే ఆ దినం గేటు తియ్యొచ్చునన్నమాట."

"తియ్యొచ్చు, రత్నమ్మా. అసలు అంకె ముప్పై పాయింట్ నాలుగు. ఇరవై అయిదు నిమిషాలు ఉండనివ్వచ్చు."

"ఇరవై అయిదు నిమిషాలు," అంది. వీధిలో చలువ గొట్టం చప్పుడు వినబడుతోంది. నా వైపు చూడకుండా, చేపతో చెబుతున్నట్టుగా అంది:

"నువ్వు రోజూ ఆ నీట్లో రెండు సేతులూ ముంచీదానివి. మేం గేటు కాడ నుంచి సూసీవోళ్ళం. గంగమ్మకి దణ్ణమెట్టుకుని అంకె సూత్తాది టీచరమ్మ అనుకునీవోళ్ళం. మా ముసిలోడు గూడా అదే అనీవోడు. అంత సదువుకుంది, అయినా తల్లిని మర్సిపోలేదు, ఆవిడ అంకె అబద్దమాడదు అని. మంచం తిప్పీసి ఇంటికి తెచ్చీసినాక గూడా అదే అన్నాడు."

"నేను చేతులు కడుక్కునేదాన్ని, రత్నమ్మా. ఇసుక అంటకుండా. అంతే."

"ఇప్పుడు తెలిసిందిగా."

కత్తిపీట ముందుకి లాక్కుంది. మళ్ళీ పొలుసు తియ్యడం మొదలుపెట్టింది.

"ఎల్లు టీచరమ్మా. ఇయాల నానింకేటీ సెప్పలేను."

వచ్చేశాను. ఆ పేజీ ఎర్రసిరాతో దిద్దాను. 31.2 కొట్టేసి 30.4. దాని కింద ఇలా రాశాను: "గేటు తెరవవలసింది. మంచం మీద ఉన్నది గరికిన తాతారావు." పోయిన ఏడాది పేరు రాయలేదు. మంచం అని మాత్రమే రాశాను.

మే 20. పొడి 37.0, తడి 30.9. తెల్లగుడ్డ.

సమావేశం నాలుగు గంటలకి. సుమారు రెండు వందల మంది వచ్చారు. రిజిస్టరు మొదటినుంచీ చదివాను. నలభై నిమిషాలు పట్టింది. యాభై రెండు రోజుల తారీకులూ చదివాను. కొన్ని తారీకులకి జనంలో ఎవరో ఒకరు తల ఎత్తేవారు. ఆ రోజు గేటు దగ్గరికి వచ్చి వెనక్కి వెళ్ళినవాళ్ళన్నమాట. మే 10న పెట్టిన సంతకాన్ని, సిఫార్సునీ వెనక్కి తీసుకుంటున్నానని చెప్పి, కంబం పెట్టె తాళం బల్ల మీద పెట్టాను. ఇంకెవరినైనా నియమించుకోమన్నాను.

సత్యదేవ్ తాళం తీసుకోలేదు. వెనక వరసలోంచి ఎవరో కొత్త మీటరు తెప్పించండి అన్నారు. మీటరుకీ ఉప్పు పడుతుంది కదా అని ఇంకెవరో అన్నారు. గొడవ పెరిగింది. అప్పుడు నూకరత్నం లేచింది. సభలో ఆవిడ మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు.

"ఆవిడే సూడాల," అంది. "తప్పు సేసి కూకుంటే ఎలాగ? రోజూ ఎల్లాల, రోజూ సూడాల."

అది క్షమించడమో, శిక్షో నాకు తెలియలేదు. రెండోదేనని అనుకుంటున్నాను. గోడ కట్టే విషయం వచ్చే వేసవి లెక్క చూశాక తేల్చాలని నిర్ణయించారు. తాళం నేనే తిరిగి తీసుకున్నాను.

మే 21. పొడి 36.8, తడి 30.9. తెల్లగుడ్డ.

కట్టు విప్పారు. కొత్త చర్మం ఎర్రగా, పల్చగా ఉంది.

రీడరు నిబంధనలు ఎనిమిది ఉన్నాయి. ఇవాళ మళ్ళీ చదివాను. అంకె చెప్పాక మాట్లాడకూడదని వాటిలో ఒక్కదాంట్లోనూ లేదు. రెండోసారి చూడకూడదనీ లేదు.

మే 22.

ఇవాళ జరిగింది జరిగిన వరసలోనే రాస్తాను. అంకెలు ఆ వరసలోనే వస్తాయి.

పదిన్నరకి గేటు దగ్గరికి వెళ్ళేసరికి నూకరత్నం అప్పటికే అక్కడ ఉంది. కొంగున మూట, చేతిలో సీసా. సుమారు ముప్పై మంది చేరారు. తుషార, సత్యదేవ్ కూడా వచ్చారు. నేను తాళం తియ్యబోతుంటే నూకరత్నం నా ముందుకొచ్చి సీసా మూత తీసింది.

"సేతులు పట్టు."

మంచినీళ్ళు. ఆవిడ తాగడానికి ఇచ్చిన వాటాలోంచి తెచ్చింది. పట్టాను. నెమ్మదిగా, సన్నని ధారగా పోసింది. కొత్త చర్మం మీద నీళ్ళు చురుక్కుమన్నాయి.

"ఏళ్ళ సందులు గూడా," అంది.

అందరూ చూస్తుండగా వేళ్ళ సందులు కూడా కడుక్కున్నాను. ఒక గ్లాసు పట్టింది. తర్వాత దేన్నీ ముట్టుకోకుండా, రెండు చేతులూ ఎత్తి పట్టుకుని ఇసుక మీద నడిచాను. కంబానికీ నీటికీ మధ్య పది అడుగులే. అటు చూడలేదు.

11:00. పొడి 36.6, తడి 31.1.

వచ్చి చెప్పాను. ఎర్రగుడ్డ ఎక్కించాను. ఇది ఉప్పు అంకె కాదు, నిజం అంకె. కంబం దగ్గర నిలబడినప్పుడు రెండు పాయింట్లు తగ్గించి చెబితే ఎవరికి తెలుస్తుందన్న ఆలోచన నాకు వచ్చింది. వచ్చినట్టు ఇక్కడ రాస్తున్నాను.

జనం వెనక్కి తిరిగారు. నూకరత్నం తిరగలేదు.

"మల్లీ సూడు," అంది.

వెళ్తున్నవాళ్ళు ఆగిపోయారు. పందొమ్మిదేళ్ళలో ఆ గేటు దగ్గర ఆ మాట ఎవరూ అనలేదు. సత్యదేవ్ నా మొహం వంక చూశాడు. నేను మళ్ళీ గుడ్డ తడిపి చూడటానికి వెళ్ళాను.

11:25. పొడి 36.7, తడి 31.1.

అదే చెప్పాను. నూకరత్నం తలూపి, గేటు పక్కన నేల మీద కూర్చుంది. ఆవిడ కూర్చునేసరికి కొందరు తామూ కూర్చున్నారు. నేను నిలబడ్డాను. ఎవరూ ఇళ్ళకి వెళ్ళలేదు. తుషార కర్ర పైకి చూస్తూ ఉంది.

పన్నెండవుతుండగా అదే ముందు గమనించింది. అప్పటిదాకా ఎర్రగుడ్డ పందిరి వైపు ఎగురుతోంది. కాసేపు వాలిపోయి, కర్రకి చుట్టుకుని, తర్వాత సముద్రం వైపుకి తిరిగి ఎగరడం మొదలుపెట్టింది. పడమటి గాలి. కొండల మీదుగా వచ్చే వడగాలి. మొహం మీద పొయ్యి సెగలా తగిలింది. ఇంకేం తెరుస్తారు అని ఒకాయన గొణిగాడు.

12:05. పొడి 38.9, తడి 30.6.

రెండుసార్లు చూశాను. గేటు దగ్గరికి వచ్చి ఎర్రగుడ్డ దించి తెల్లగుడ్డ ఎక్కించాను. ఎండ పెరిగితే గుడ్డ ఎలా మారిందని అడిగారు. ఇదే మొదటిసారి అడగడం. చెప్పాను: గాలి వేడిగా ఉంది కానీ పొడిగా ఉంది, చెమట ఆరుతుంది, ఇరవై నిమిషాలు, తలకి తడిగుడ్డ చుట్టుకోండి, నేను పిలిస్తే వెంటనే రావాలి.

ఇసుక కాళ్ళకి కాలింది. పిల్లలు గెంతుకుంటూ నీళ్ళలోకి పోయారు. తుషార మోకాళ్ళ దాకా దిగింది. పదోసారి. నూకరత్నం నడుము లోతుకి వెళ్ళి మూడు మునకలు వేసింది. మూట విప్పి అన్నం మెతుకులు, ఒక చుట్ట, వలకి కట్టే పాత బెండు ఒకటి నీళ్ళమీద పెట్టింది. మెతుకులు మునిగాయి. చుట్ట విచ్చుకుంది. బెండు మాత్రం రెండుసార్లు ఒడ్డుకి తిరిగి వచ్చింది. రెండుసార్లూ ఆవిడ చేత్తో నెట్టింది. మూడోసారి వెళ్ళిపోయింది.

పద్దెనిమిదో నిమిషానికి పిలిచాను. అందరూ బయల్దేరారు. ఆవిడ అలాగే నిలబడి ఉంది. నీటి అంచు దాకా వెళ్ళి మళ్ళీ పిలిచాను.

"వత్తన్నాను," అంది.

ఇరవయ్యో నిమిషానికి బయటికి వచ్చింది. చీర పిండుకుంటూ నా పక్కన నిలబడింది. బెండు ఇంకా కనిపిస్తోంది, చిన్న చుక్కలా.

"మా ముసిలోడికైతే ఇరవై అయిదుండీవి," అంది.

ఉండేవి, అన్నాను. ఇద్దరం గేటు దాకా నడిచి వచ్చాం. వెనక నేనే తాళం వేశాను.

ఇవాళ్టి నుంచి రిజిస్టరులో రెండు గడులు ఎక్కువ గీశాను. ఒకటి, మళ్ళీ చూడమని ఎవరు అడిగారో రాయడానికి. రెండోది, రీడరు చేతులు ఎవరు కడిగించారో రాయడానికి. ఇవాళ రెండింట్లోనూ ఒకటే పేరు. రెండో గడిలో పేరు పక్కన ఇది కూడా రాశాను: మంచినీళ్ళు, ఒక గ్లాసు. రేపు కూడా తెస్తానంది.